పాత పరీక్షకు కొత్త రిజిస్టరు: కుక్కల ఎముక క్యాన్సర్, మన ఉత్తర తెలంగాణ

(స్మారక ఉపన్యాస పాఠం)

ఎముక క్యాన్సర్ వచ్చిన కుక్క ఎన్నాళ్లు బతుకుతుందో ముందుగా సూచించే గుర్తులు నెత్తుట్లో గానీ కణితిలో గానీ ఉన్నాయా, ఉంటే వాటిలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పనికొచ్చేవి ఏవి అన్నది ఇవాళ నేను ఎత్తుకున్న విషయం. వైద్యులు వీటిని బయోమార్కర్లు అంటారు. గత మూడు దశాబ్దాల్లో ఇటువంటివి ఎన్నో వెలుగులోకి వచ్చాయి. నా వాదన ఏమిటో మొదట్లోనే చెప్పేస్తాను. ఏ జిల్లా కేంద్రంలోని ల్యాబులోనైనా చేయగలిగిన ఒక పాత పరీక్ష, సీరం ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్, ఇప్పటికీ వాటిలో ఎక్కువ నమ్మదగినది. అయితే ఆ పరీక్ష ఇచ్చే అంకెకు అమెరికా కుక్కల్లో తేలిన అర్థమే మన కుక్కల్లోనూ ఉంటుందని కళ్లు మూసుకుని నమ్మడానికి వీల్లేదు. ఇక్కడి మందుల అలవాట్లు, ఇక్కడి పిడుదులు, ఇక్కడి బోరు నీళ్లు ఆ అంకెను అటూ ఇటూ జరపగలవు. కాబట్టి దాని అర్థాన్ని ఇక్కడే మళ్లీ తేల్చుకోవాలి. అందుకు కావలసింది నిజాయితీగా నింపిన రిజిస్టరు ఒకటి.

ముందు జబ్బు సంగతి. కుక్కల ఎముకల్లో పుట్టే కణితుల్లో దాదాపు 85 శాతం ఆస్టియోసార్కోమాలే. ఎక్కువగా కాళ్ల పొడవాటి ఎముకల్లో వస్తుంది. ముందు కాలిలో మోచేతికి దూరంగా, వెనక కాలిలో మోకాలికి దగ్గరగా అని విద్యార్థులు గుర్తు పెట్టుకుంటారు. అన్నిటికంటే ఎక్కువగా చూసేది ముందు కాలి రేడియస్ ఎముక కింది కొసలో. రాట్‌వైలర్, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి భారీ జాతులకు ముప్పు ఎక్కువ, 15 కిలోల లోపు కుక్కల్లో బాగా తక్కువ. మన వీధి కుక్కల్లో పశువైద్యుడికి తరచూ ఎదురయ్యే క్యాన్సర్ వేరు. అది జతకట్టినప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకునే జననాంగాల కణితి, విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకు చాలావరకు లొంగుతుంది. ఎముక క్యాన్సర్ అట్లా లొంగేది కాదు. గోదావరిఖని క్వార్టర్లలోనూ, కరీంనగర్, మంచిర్యాల కాలనీల్లోనూ పెద్ద జాతి కుక్కలను సాదుకునే ఇళ్లలో ఏడేళ్ల వయసు దాటిన కుక్క కుంటడం మొదలుపెడితే అనుమానించవలసిన జబ్బు ఇది. ఎక్స్‌రే తీస్తే ఎముక ఒక పక్క తిన్నట్టు, ఇంకో పక్క సూర్యకిరణాల్లాగా బయటికి పొడుచుకు వచ్చినట్టు కనిపిస్తుంది, కణితి మాత్రం కీలు దాటి పక్క ఎముకలోకి సాధారణంగా పోదు. జబ్బు తేలిన రోజు ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు కనిపించేది పదింట ఒక కుక్కకే. కానీ కంటికి ఆనని క్యాన్సర్ కణాలు అప్పటికే పదింట తొమ్మిదింటిలో వేరే చోటికి, ముఖ్యంగా ఊపిరితిత్తులకు, చేరిపోయి ఉంటాయి. 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కాలు తీసేసి మరే చికిత్సా ఇవ్వని 162 కుక్కల్లో సగం 19 వారాలకే పోయాయి. ఏడాది నిలిచినవి 11.5 శాతం, రెండేళ్లు నిలిచినవి 2 శాతం. కాలు తీసిన తర్వాత కార్బోప్లాటిన్ లాంటి మందు ఇస్తే సగం కుక్కలు బతికే కాలం, అంటే మధ్యస్థ ఆయుష్షు, పది పన్నెండు నెలలకు పెరుగుతుంది, ఐదింట ఒకటి రెండేళ్లు చూస్తుంది. ఒకే కణితి, ఒకే ఎముక, ఒకే చికిత్స. అయినా ఒక కుక్క మూడు నెలల్లో పోతుంది, ఇంకోటి మూడేళ్లు తిరుగుతుంది. గుర్తుల కోసం వెతుకులాటంతా ఈ తేడా నుంచే పుట్టింది.

ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ అనే ఎంజైము చరిత్రలో మనవాడి చెయ్యి ఒకటుంది. ఎముక పెరిగే చోట ఫాస్ఫేటేజ్ దండిగా ఉంటుందని 1923లో లండన్‌లో రాబర్ట్ రాబిసన్ చూపించాడు. ఎముక జబ్బులున్న మనుషుల నెత్తుట్లో అది పెరుగుతుందని ఆ దశాబ్దం చివర్లో హెచ్. డి. కే గమనించాడు. ఫాస్ఫేటేజ్ ఎంత ఉందో తెలియాలంటే అది తెంపి విడుదల చేసిన ఫాస్ఫేట్‌ను కొలవాలి. కొద్దిపాటి నమూనాలో ఫాస్ఫేట్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించినవాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాలిబ్డేట్ చేర్చగా వచ్చే నీలి రంగు ఎంత చిక్కనైతే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. ఆ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి ఫాస్ఫేటేజ్ ప్రయోగాల్లో ఎన్నో ఏళ్లు నడిచింది. ఇప్పుడు ల్యాబుల్లో వాడే రసాయనం వేరు. రంగులేని ద్రావణంలో సీరం వేసి యంత్రంలో పెడితే, ఎంజైము ఫాస్ఫేట్‌ను తెంపుతున్నకొద్దీ ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు ఎంత తొందరగా ముదిరితే అంత ఎంజైము. సెమీ ఆటో అనలైజర్ ఉన్న ఏ ల్యాబులోనైనా కొన్ని నిమిషాల పని. ఇదే సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ పిల్లల ఎముక క్యాన్సర్ చికిత్సలో ఇవాళ్టికీ మూడు ప్రధాన మందుల్లో ఒకటి. ఎముక క్యాన్సర్ గురించి తెలుగునేల మీద మాట్లాడేటప్పుడు ఆయన పేరు తలచుకోకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు.

ఇక సాక్ష్యం. 1998లో అమెరికాలో ఎర్‌హార్ట్ బృందం కాలి ఎముక క్యాన్సర్ వచ్చిన 75 కుక్కల వివరాలు ప్రచురించింది. చికిత్సకు ముందు సీరంలో మొత్తం ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ లీటరుకు 110 యూనిట్ల లోపు ఉన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 12.5 నెలలు, దాటినవాటిది 5.5 నెలలు. ఎముక నుంచి వచ్చే భాగాన్ని విడిగా కొలిచినప్పుడూ అదే వరస: మామూలుగా ఉంటే 16.6 నెలలు, పెరిగి ఉంటే 9.5 నెలలు. ఆ అధ్యయనంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, దాన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ముందు పెరిగి ఉన్న ఎంజైము కాలు తీసిన 40 రోజుల్లోపల మామూలు స్థాయికి దిగకపోతే ఆ కుక్కలో జబ్బు తొందరగా తిరగబడింది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను. 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన మెటా విశ్లేషణలో గట్టిగా నిలబడిన చెడు గుర్తులు రెండు: పెరిగిన ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్, భుజం ఎముక పై కొసలో పుట్టిన కణితి. రెండోది తెలుసుకోవడానికి ఎక్స్‌రే చాలు. అంటే బాగా నిలిచిన రెండు గుర్తులూ కరీంనగర్‌లో ఇవాళే చూడగలిగినవి. పిల్లల ఎముక క్యాన్సర్‌లోనూ ఇదే ఎంజైము పెరిగి ఉండటం చెడు సూచనగానే తేలింది కాబట్టి, ఇది ఒక్క జాతి జంతువుకే పరిమితమైన విచిత్రం కాదు. సూదితో కణితి నుంచి తీసిన కణాలను గాజు పలక మీద పరిచి ఈ ఎంజైముకే ప్రత్యేకమైన రంజకం వేస్తే, ఆ కణితి ఆస్టియోసార్కోమానా కాదా అని తేల్చుకోవడానికి బాగా సాయపడుతుంది. రోగ నిర్ధారణకూ భవిష్యత్తు అంచనాకూ ఒకే ఎంజైము అక్కరకు రావడం క్యాన్సర్ వైద్యంలో తరచూ దొరికే అదృష్టం కాదు.

ఇంత మంచి గుర్తును ఇక్కడికి తెచ్చి ఉన్నదున్నట్టు వాడేస్తే ఏమవుతుంది? కుక్కల్లో ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ ఒక్క ఎముక నుంచే రాదు. కాలేయం, పిత్తనాళాల నుంచి వస్తుంది. పెరిగే పిల్లల్లో మామూలుగానే ఎక్కువ. ఎముక విరిగి అతుక్కుంటున్నా పెరుగుతుంది. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ దాన్ని పెంచుతుంది. వీటన్నిటికంటే మన దగ్గర ఎక్కువ చిక్కు తెచ్చేది స్టెరాయిడ్. కుక్కకు స్టెరాయిడ్ మందు ఇస్తే కాలేయం ఈ ఎంజైములో ఒక ప్రత్యేక రకాన్ని తయారుచేస్తుంది. ఇది కుక్కలకే ఉన్న లక్షణం, మనుషుల్లో కనిపించదు. వారం పది రోజుల్లో నెత్తుట్లోకి వచ్చి మందు ఆపిన తర్వాత కూడా వారాల తరబడి నిలుస్తుంది. కుంటుతూ వచ్చిన కుక్కకు ఎక్స్‌రే కంటే ముందు డెక్సామెథసోన్ పడటం మన ఊళ్లలో వింత కాదు. నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు, నెల తర్వాత వాపు పెద్దదై దవాఖానకు తిరిగి వస్తారు. అప్పుడు నెత్తురు తీసి చూస్తే అంకె 110 దాటి ఉంటుంది. అది కణితి పెంచిన అంకెనా, ఇంజెక్షన్ పెంచిన అంకెనా? అమెరికన్ పట్టిక చూసి ఆ కుక్కకు ఐదున్నర నెలలే అని చెప్పిన వైద్యుడు ఇంజెక్షన్ తెచ్చిన అంకెను క్యాన్సర్ తెచ్చిన అంకెగా చదివి ఉండవచ్చు. దీనికి చవకైన దారి ఒకటుంది. లెవామిసోల్ అనగానే ఈ సభలో సగం మందికి గొర్లకు పట్టించే నట్టల మందు గుర్తుకొస్తుంది. అదే లెవామిసోల్‌ను పరీక్షనాళికలో కలిపితే ఎముక, కాలేయ రకాల ఎంజైమును అణిచేస్తుంది, స్టెరాయిడ్ రకం మాత్రం అణగదు. కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి కొలిస్తే స్టెరాయిడ్ వాటా ఎంతో తెలిసిపోతుంది. ఎముక వాటానూ కాలేయ వాటానూ విడదీయాలంటే గోధుమ మొలక లెక్టిన్‌తో అవక్షేపం చేసే పద్ధతి ఉంది. మొదటిది జిల్లా స్థాయిలో సాధ్యం, రెండోది కోరుట్ల పశువైద్య కళాశాల లాంటి చోట సాధ్యం.

ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ తర్వాత చవకగా దొరికే ఇంకో గుర్తు తెల్ల కణాల లెక్క. 2010లో కొలరాడో నుంచి వచ్చిన అధ్యయనంలో 69 కుక్కలను చూస్తే, చికిత్సకు ముందు మోనోసైట్లు, లింఫోసైట్లు ఎక్కువగా ఉన్నవాటిలో జబ్బు తొందరగా తిరిగొచ్చింది. ఆ ఎక్కువ కూడా మామూలు అనుకునే హద్దుల లోపలే. ఇది విన్నవెంటనే ఎంతో ఆశ కలుగుతుంది, ఎందుకంటే రక్తపూతను సూక్ష్మదర్శిని కింద చూసి లెక్కపెట్టడం ప్రతి పశువైద్య విద్యార్థికీ వచ్చు. కానీ మన కుక్కల నెత్తుట్లో పిడుదుల జ్వరం ఉంది. గోధుమ రంగు కుక్క పిడుదు మోసుకొచ్చే ఎర్లిషియా కేనిస్ మోనోసైట్ల లోపలే కాపురం పెడుతుంది, ప్లేట్‌లెట్లను పడగొడుతుంది, దీర్ఘకాలం ఉండిపోతే లింఫోసైట్లను పెంచగలదు. కాలేయాన్ని తాకితే ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్‌నూ కదుపుతుంది. కొలరాడోలో ఆ తెల్ల కణాల లెక్క క్యాన్సర్ పట్ల శరీరం చూపిన స్పందనను చెప్పి ఉండవచ్చు, జగిత్యాలలో అదే లెక్క పిడుదు కాటును చెప్పవచ్చు. కాబట్టి ఎర్లిషియా పరీక్ష చేయకుండా తెల్ల కణాల లెక్కతో ఆయుష్షు అంచనా వేయడం ఇక్కడ తప్పు అని నేను గట్టిగా చెబుతాను.

నీటి సంగతి కూడా చూడాలి. ఫ్లోరైడ్ ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది, ఫ్లోరోసిస్ ఉన్న మనుషుల్లో, పశువుల్లో ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ పెరగడం తెలిసిన విషయమే. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట వివరించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచి, తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. అది ఒక్క నల్లగొండతో ఆగే సమస్య కాదు. గ్రానైట్ నేలల్లో బోరు లోతుకు పోయిన చోట ఫ్లోరైడ్ వచ్చే అవకాశం ఉంటుంది, కరీంనగర్ గ్రానైట్ పేరు ప్రపంచమంతా తెలిసిందే. ఇంటివాళ్లు మిషన్ భగీరథ నీళ్లో డబ్బా నీళ్లో తాగుతూ కుక్కకు, పశువులకు బోరు నీళ్లు పోసే ఇళ్లున్నాయి. ఇక్కడి ఆరోగ్యవంతమైన కుక్కల్లో మామూలు ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ ఎంత అన్నది ముందు తేలకుండా 110 అనే గీతను అరువు తెచ్చుకోవడం శాస్త్రం అనిపించుకోదు. ఇందాక వదిలేసిన 40 రోజుల సంగతి ఇక్కడే అక్కరకొస్తుంది. ఒకే కుక్కలో కాలు తీయకముందు ఒకసారి, తీసిన ఆరు వారాల లోపల ఇంకోసారి కొలిస్తే, ఆ కుక్కకు అదే కొలబద్ద అవుతుంది. నీటి ప్రభావం రెండు కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. తేడా ఎంత పడిందన్నది కణితి పోవడం వల్ల వచ్చిన మార్పుకు దగ్గరగా ఉంటుంది. మొదటి కొలతకు ముందు వారాల్లో గానీ మధ్యలో గానీ స్టెరాయిడ్ పడకుండా చూసుకోవాలి, ఎముక విరగడం లాంటివి ఉంటే రాసుకోవాలి. ఒక్క అంకెను పట్టుకుని జోస్యం చెప్పడం కంటే ఆ అంకె దిగిందా లేదా అని చూడటం మన పరిస్థితులకు సరైన పద్ధతి అని నా నమ్మకం.

ఈ రంగంలో చాలామంది చూసీ చూడనట్టు పోయే చిక్కు ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది అదే. మనుషుల్లో ఆయుష్షు లెక్క జబ్బుతో ముగుస్తుంది. కుక్కల్లో చాలాసార్లు యజమాని నిర్ణయంతో ముగుస్తుంది. నొప్పి భరించలేని స్థితిలో కుక్కకు ప్రశాంతమైన మరణం ఇవ్వడం దయే, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ లెక్కలో దాని జాడ ఉండాలి. పెరిగిన ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ చెడు గుర్తు అని వైద్యుడు నమ్మితే, ఆ కుక్క యజమానికి చెప్పే మాటలో ఆ నమ్మకం దొర్లుతుంది. యజమాని కీమోథెరపీ వద్దనుకుంటాడు, మొదటిసారి దగ్గు రాగానే ఇక చాలనుకుంటాడు. కుక్క నాలుగు నెలల్లో పోతుంది. లెక్కల పుస్తకంలో మళ్లీ, పెరిగిన ఎంజైము ఉన్న కుక్క తొందరగా పోయింది అని నమోదవుతుంది. గుర్తు తన మాటను తానే నిజం చేసుకుంటుంది. కాబట్టి ఆయుష్షుతో పాటు ఊపిరితిత్తుల్లో మొదటి మచ్చ కనిపించిన తేదీని విడిగా రాయాలి, ఎందుకంటే ఆ తేదీని యజమాని మనసు మార్చలేదు. కుక్క తనంత తాను పోయిందా, ఇంజెక్షన్ ఇచ్చి పంపారా, ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు జబ్బు ఏ స్థితిలో ఉంది అన్నవి కూడా ఉండాలి. పేరున్న పరిశోధన కేంద్రాల్లో ఇది చేస్తారు, అన్ని చోట్లా చేయరు. డబ్బు లేక కుక్కను దవాఖానకు ఆలస్యంగా తెచ్చే చోట, చికిత్స మధ్యలో మానేసే చోట, ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఆర్థిక స్థితి కూడా ఆయుష్షును నిర్ణయిస్తున్నప్పుడు దాన్ని లెక్కలో పెట్టకుండా ఎంజైము మీద నెపం వేయకూడదు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, ప్రపంచం జన్యువులను చదువుతున్న కాలంలో వందేళ్ల నాటి ఎంజైమును పట్టుకుని వేలాడటమేమిటి అని. న్యాయమైన ప్రశ్నే. 2004లో ఎజ్రిన్ అనే ప్రొటీన్ కణితిలో ఎక్కువుంటే కుక్కల్లో జబ్బు తొందరగా వ్యాపిస్తుందని వచ్చినప్పుడు ఎంత ఆశ పుట్టిందో రంగంలో ఉన్నవారికి తెలుసు. తర్వాత ఇటువంటి గుర్తులుగానే కాక్స్-2 వచ్చింది, సర్వైవిన్ వచ్చింది, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో ల్యాబులో కొన్ని పదుల కుక్కల్లో తేలినవి, ఇంకో చోట వేరే కుక్కల్లో మళ్లీ పరీక్షకు నిలబడి వైద్యుడి చేతికి వచ్చినవి దాదాపు లేవు. కణితిని సూక్ష్మదర్శిని కింద చూసి వేసే గ్రేడు, దశాబ్దాలుగా రోగ నిపుణులు నమ్మకంగా రాస్తూ వచ్చినది, ప్రామాణిక చికిత్స అందుకున్న కుక్కల్లో ఆయుష్షును చెప్పలేకపోయిందని 2018లో కెనడాలోని గెల్ఫ్ పరిశోధకులు చూపారు. పేరు పాతదైనా కొత్తదైనా వేరే చోట మళ్లీ రుజువు కావడమే గీటురాయి. అలాగని జన్యు పరిశోధనను కొట్టిపారేయను. అమెరికాలో సిరోలిమస్ మందు పని చేస్తుందా అని 324 కుక్కల మీద జరిపిన పరీక్షలో ఆ మందు లాభం చూపలేదు. కానీ ఆ కుక్కల కణితుల్ని, వివరాల్ని శ్రద్ధగా దాచిపెట్టడం వల్ల తర్వాత వాటి ఆర్‌ఎన్‌ఏ చదివారు, రోగనిరోధక కణాలు బాగా చొచ్చుకుపోయిన కణితులున్న కుక్కల్లో జబ్బు తిరగబడటం ఆలస్యమైందని 2023లో తేల్చారు. ఓడిపోయిన పరీక్ష నుంచి కూడా జ్ఞానం పుట్టడానికి కారణం అక్కడ నమూనాలు, నమోదులు సక్రమంగా ఉండటం. మన దగ్గర కాలు తీసిన తర్వాత ఆ ఎముక ఎక్కడికి పోతుంది? పారాఫిన్ దిమ్మగా దాచిన ఒక ముక్క పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. పాత పరీక్షతో మొదలుపెట్టిన రిజిస్టరే రేపు కొత్త పరీక్షకు కూడా పునాది అవుతుంది.

రోగనిరోధకత మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. కాలు తీయకుండా జబ్బు ఎముక స్థానంలో వేరే ఎముక పెట్టే శస్త్రచికిత్సలో, ఆ చోట చీము పట్టిన కుక్కలు పట్టనివాటి కంటే ఎక్కువ కాలం బతికాయని 2005లో ఒక అధ్యయనం చెప్పింది: 685 రోజులు, 289 రోజులు. అంతకుముందు 1989లో మెక్‌ఈవెన్ బృందం బాక్టీరియా గోడలోని ఒక అంశను పోలిన మందును లైపోజోముల్లో పెట్టి, కాలు తీసిన కుక్కలకు ఇచ్చింది. మందు అందుకున్నవి మధ్యస్థంగా 222 రోజులు, అందుకోనివి 77 రోజులు. ఆ మందే మిఫామర్టైడ్ అనే పేరుతో 2009లో యూరప్‌లో పిల్లల ఎముక క్యాన్సర్‌కు అనుమతి పొందింది. తెల్ల కణాల లెక్కకు ఇక్కడ ఎందుకంత ప్రాధాన్యం ఇవ్వాలో, పిడుదుల జ్వరాన్ని విడదీసి చూడమని ఎందుకు పట్టుబడుతున్నానో, రోగనిరోధక స్పందన ఆయుష్షును మార్చగలదన్న ఈ సాక్ష్యం వల్ల తెలుస్తుంది.

రెండో అభ్యంతరం, మనుషులకే క్యాన్సర్ వైద్యం సరిగా అందని చోట కుక్కల గోలేమిటి అని. ఉట్నూరు నుంచో బెజ్జూరు నుంచో ఎముక క్యాన్సర్ వచ్చిన పిల్లవాణ్ని హైదరాబాదు దాకా తీసుకుపోవలసిన తల్లిదండ్రుల ముందు ఈ మాట తేలిగ్గా అనలేను. అయితే ఆ పిల్లవాడి జబ్బూ ఈ కుక్క జబ్బూ కణితి స్వభావంలో చాలా దగ్గర. పిల్లల్లో ఈ జబ్బు అరుదు, కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువ, వాటిలో ఏడాది రెండేళ్లలో తేలే ప్రశ్న పిల్లల్లో తేలడానికి చాలా ఏళ్లు పడుతుంది. మిఫామర్టైడ్ నడిచిన దారి అదే. పైగా నేను అడుగుతున్న పనికి మనుషుల బడ్జెట్‌లోంచి రూపాయి తీయనక్కర్లేదు. ఉన్న దవాఖానలో, ఉన్న యంత్రం మీద చేసే పరీక్షను సరిగా రాయమంటున్నాను.

మూడో అభ్యంతరం పశువైద్యుల నుంచే వస్తుంది. మన దగ్గర యజమానులు కాలు తీయడానికే ఒప్పుకోరు, కీమోథెరపీ ఇవ్వగలిగిన చోటు దగ్గరలో లేదు, ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాదు కంటే నాగపూర్ దగ్గర, చికిత్సే లేనప్పుడు అంచనా ఎవరికి అని. ఈ అభ్యంతరంలోనే జవాబు ఉందని నేననుకుంటాను. ఇప్పటిదాకా చెప్పిన గుర్తులు ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి కావు, జబ్బు ఎంత దూకుడుగా ఉందో చెప్పేవి. అటువంటి సమాచారం అందరికంటే ఎక్కువ అవసరమైనది తక్కువ డబ్బున్న ఇంటికే. చేతిలో కొద్ది డబ్బు ఉంది, దాన్ని శస్త్రచికిత్సకు పెట్టాలా, నొప్పి మందులకు పెట్టాలా? భుజం ఎముకలో కణితి, లెవామిసోల్ పరీక్షతో స్టెరాయిడ్ వాటా తీసేసినా ఎక్కువగానే ఉన్న ఎంజైము, ఛాతీలో అనుమానపు మచ్చ ఉన్న కుక్కకు పెద్ద ఖర్చు వద్దని, మంచి నొప్పి నివారణ ఇచ్చి కుటుంబంతో నెలలు గడపనివ్వమని ధైర్యంగా చెప్పవచ్చు. రేడియస్ కొసలో కణితి, మామూలు ఎంజైము ఉన్న కుక్క యజమానికి, కాలు తీసినా మూడు కాళ్ల మీద కుక్క చక్కగా తిరుగుతుందని, మందు కూడా తోడైతే ఏడాది, ఒక్కోసారి అంతకు మించి దక్కవచ్చని చెప్పి నాగపూర్‌కో హైదరాబాదుకో పంపవచ్చు. కాలు తీయడానికి భయపడే యజమానుల్లో చాలామంది కుక్క మూడు కాళ్ల మీద బతకలేదనే అపోహతో వెనక్కి తగ్గుతారు, ఆ కణితి ఉన్న కాలే రాత్రీ పగలూ నొప్పి పెడుతోందన్నది వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

చివరి అభ్యంతరం అంకెలది, దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాలు రెండూ కలిసినా ఏడాదికి తేలే కుక్కల సంఖ్య ఒక అధ్యయనానికి చాలదు. అందుకే ఈ పని ఒక్కచోట ఆగకూడదు. కోరుట్ల కళాశాలను కేంద్రంగా పెట్టుకుని, పి. వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న మామునూరు, రాజేంద్రనగర్ కళాశాలలనూ, వీలైతే నాగపూర్ పశువైద్య కళాశాలనూ కలుపుకుని ఒకే నమూనా పేజీ వాడాలి. పోలీసు శాఖ జాగిలాల వివరాలు కూడా ఇందులో చేరితే బాగుంటుంది. లాబ్రడార్లు, షెపర్డులు, పుట్టిన తేదీ నుంచి తూకం, టీకాలు, మందులు రాసి ఉన్న కుక్కలు మన రాష్ట్రంలో ఇంకెక్కడ దొరుకుతాయి? ఆరోగ్యంగా ఉన్న జాగిలాల సీరం నుంచే ఇక్కడి మామూలు ఆల్కలైన్ ఫాస్ఫేటేజ్ గీతను మొదట గీయవచ్చు. రిజిస్టరు పేజీలో జాతి, తూకం, కణితి ఉన్న ఎముక, తాగే నీళ్లు ఎక్కడివి, చివరి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏ రోజు, ఎర్లిషియా పరీక్ష ఫలితం, లెవామిసోల్ కలిపీ కలపకా వచ్చిన అంకెలు, ఆరు వారాల్లోపల మళ్లీ కొలిచిన అంకె, ఊపిరితిత్తుల్లో మొదటి మచ్చ తేదీ, మరణం ఎట్లా జరిగింది అన్నవి ఉండాలి. ఎండాకాలంలో రామగుండం నుంచి కోరుట్లకు బస్సులో వచ్చే నమూనా పాడవకుండా ఉండాలంటే నెత్తురు తీసిన చోటే గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరుచేసి ఐస్ డబ్బాలో పెట్టాలి. ఎర్రగా మారిన సీరంతో పసుపు రంగు కొలత తప్పుతుంది, దాన్ని పారేసి మళ్లీ తీయడం మేలు. ఇవన్నీ ఒక పశువైద్య సహాయకుడికి ఒక పూటలో నేర్పగలిగినవి. మొదటి మూడేళ్లు ఫలితం ప్రకటించే తొందర పెట్టుకోకుండా పేజీలు నింపితే, నాలుగో ఏడు 110 అనే గీత మన కుక్కలకు సరిపోతుందా, 90 కావాలా, 150 కావాలా అన్న ప్రశ్నను కోరుట్లలో కూర్చుని అడగవచ్చు.